చెలమ అడుగు

పెన్న ఇసుకలో నీళ్ళ కోసం చెలమ తవ్వేవాళ్ళకు ఒక్కటే కట్టుబాటు. కాలికి జిగట మన్ను తగిలిందా, గడ్డపార పైన పడేసి బయటికి రావాలి. ఆ జిగటే అడుగున చాపలా పరుచుకుని, ఇసుకలో ఊరే నీటిని కిందికి దిగకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని పొడిస్తే మన చెలమే కాదు, పక్క చెలమలూ పోతాయి. ఖమర్‌బీకి అత్త రహమత్‌బీ ఈ మాట పెళ్ళయిన తొలి ఎండాకాలమే చెప్పింది. ఖమర్‌బీ ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ చెప్తూనే ఉంది, అడిగినా అడగకపోయినా.

పంతొమ్మిది వందల అరవైమూడు ఎండాకాలం మాత్రం ఆమె మనసు ఆమె చేతిలో లేదు. జమ్మలమడుగు దగ్గర ఏటి ఇసుకలో మున్నూరు గుంతల్లో కర్బూజ పెట్టింది. పోయిన ఏడు నూరే. గండికోట చూడ్డానికి బస్సుల్లో వచ్చే జనం కాయలు గంపలకు గంపలు కొనుక్కుపోతుంటే ఆశ పుట్టదా మరి? ఇంకో పది రోజులు నీళ్ళు పోస్తే కాయ పండుతుంది. పోయకపోతే తీగతో సహా మాడిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ తీగల మీదే ఉంది.

చెలమేమో రోజురోజుకీ లోతుకు పోతోంది. ప్రొద్దుటూరులో మిద్దెలు లేస్తున్నాయని లారీలు ఇసుక ఎత్తుకుపోతున్నాయి. ఇసుక పలచబడితే నీళ్ళెక్కడ నిలుస్తాయి? ఆ లారీలు నింపే కూలీల్లో ఆమె మొగుడు హబీబుల్లా కూడా ఒకడు. ఇక గట్టు మీద ఆదినారాయణ కొత్తగా పెట్టిన ఆయిల్ ఇంజన్ తెల్లారిన దగ్గర్నుంచీ వరిమడికి నీళ్ళు తోడుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక ఖమర్‌బీ గట్టెక్కింది.

"అన్నా, రెండు దినాలు ఇంజన్ ఆపన్నా. నా తీగలు సచ్చిపోతాండాయి."

"ఆపితే నా వరి ఏం గావాల?" అన్నాడు ఆదినారాయణ. "పోయినేడు నూరు గుంతలు పెట్టినావు, ఈ యేడు మున్నూరు. ఏటి నీళ్ళన్నీ నేనొక్కన్నే తాగినట్టు మాట్లాడతాండావే!"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతని మాటలో అబద్ధం లేదు, మంట అందుకే. గట్టు దిగివచ్చి చెలమలోకి దూకింది.

పైన గురవమ్మ గంపతో ఇసుక అందుకుంటోంది. పక్కింటి మనిషి. నాలుగడుగుల అవతల ఉన్న మంచినీళ్ళ చెలమకు బిందెతో వచ్చి, ఎవరూ పిలవకుండానే సాయం పట్టింది.

మూరెడు తవ్వేసరికి కాలికింద చల్లగా, మెత్తగా తగిలింది. జిగటే. ఖమర్‌బీ గడ్డపార ఆపింది.

"ఏమ్మే, జిగట తగిల్నాదా?" పైనుంచి అడిగింది గురవమ్మ.

"లేదక్కా. ఇంగా ఇసుకే."

ఆ అబద్ధం నోటివెంట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. అడుగున చారెడు నీళ్ళున్నాయి. పైన మున్నూరు గుంతలు. జిగట కింద ఇంకో ఊట ఉండకపోతుందా? ఒక్క పోటు, అంతే. కళ్ళు మూసుకుని గడ్డపార దించింది.

గడ్డపార జానెడు జిగటను దాటి, పొడి ఇసుకలో కస్సుమని దిగబడింది. కింద ఊట లేదు. ఉన్నదాన్ని ఇంజన్ అప్పటికే లాగేసింది. చారెడు నీళ్ళూ సుడి తిరుగుతూ ఆ బెజ్జంలోకి దిగిపోయాయి. ఆమె పాదం అడ్డం పెట్టింది. మన్ను ముద్ద చేసి కుక్కింది. కుక్కేకొద్దీ అంచులు విరిగి బెజ్జం పెద్దదైంది. పక్క ఇసుకలోంచి నీళ్ళు సన్నగా కారివచ్చి అందులోకే పోతున్నాయి. అవి మంచినీళ్ళ చెలమ నీళ్ళని ఆమెకు తెలుసు.

అప్పుడు ఇంజన్ ఆగిపోయింది.

"ఖమర్‌బీ! రెండు దినాలే!" గట్టు మీదినుంచి ఆదినారాయణ కేకేశాడు. "మూడో దినం అడగొద్దు!"

"ఆపినాడు మే!" గురవమ్మ సంబరపడిపోయింది.

ఖమర్‌బీకి ఏడుపు కూడా రాలేదు. అరగంట, ఒక్క అరగంట ఓర్చుకుని ఉంటే!

గురవమ్మ బిందె తీసుకుని మంచినీళ్ళ చెలమ దగ్గరికి పోయింది. చెంబు నీళ్ళలో మునిగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. మూడోసారి చెంబు ఇసుకను గీరింది.

"ఏందో మే, నీళ్ళు దిగిపోతాండాయి. ఇంజన్ ఆగింది గదా, మాపటికి ఊరతాయిలే. ముందు నువ్వు తాగు, శానా సేపట్నుంచి ఎండలో ఉండావు." గురవమ్మ తిరిగొచ్చి చెంబు కిందికి అందించింది.

చెంబు అందుకున్న ఖమర్‌బీ దాన్ని నోటిదాకా ఎత్తలేదు.

"ఊరవక్కా," అంది. "జిగట నేనే పొడిచినా. తెలిసే పొడిచినా."

గురవమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వంగి ఆ చెంబు వెనక్కి తీసుకుంది. చుక్క ఒలక్కుండా బిందెలో పోసుకుంది.

"ఇంట్లో పిల్లోల్లు ఉండారు మే," అని చెప్పి ఊరిదారి పట్టింది.