పావు చుట్టు

నేను విరిగిన కాళ్ళకి పైనుంచి బిగించే ఒక ఇనుప చట్రాన్ని. నాలుగు రింగులు, వాటిని కలిపే కడ్డీలు, మరలు, ఎముకలోంచి అడ్డంగా దూరే తీగలు, అదే నా ఒళ్ళు. లేతు మిషను మీద కోసి, బెజ్జాలు పొడిచి నన్ను తయారు చేశారు. అందుకే కాబోలు, మనుషుల ఒంట్లో దిగడానికి నాకు జంకు లేదు.

మొదట ఒక లారీ డ్రైవరు కాలికి ఉన్నాను. ఆయన తిట్టిన తిట్లు చెప్పుకోలేను.

తర్వాత లోవ, ఎనిమిదేళ్ళ పిల్ల. ఆటో కింద నలిగిన కాలు నాలుగు సెంటీమీటర్లు పొట్టిగా అతుక్కుంది. డాక్టరు ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, ఆ ఎముకని మళ్ళీ విరిచి, రెండు ముక్కల్నీ నాకు బిగించాడు. వారం ఆగి, లోవ తల్లి నూకరత్నం చేతికి పానా ఇచ్చాడు.

"రోజుకి నాలుగు సార్లు ఈ మరల్ని పావు చుట్టు తిప్పాలమ్మా. ఎముక కొంచెం కొంచెం ఎడమవుతుంది. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. తిప్పకపోతే జన్మంతా కుంటే."

మూడు రోజులు తిప్పింది. పానా చూస్తేనే లోవ వీధంతా వినబడేలా అరిచేది. నాలుగో రోజు నుంచి నూకరత్నం పానా నా మీద ఆనించి, తిప్పినట్టు చెయ్యాడించి, డాక్టరిచ్చిన లెక్కల చీటీలో టిక్కు పెట్టేది.

"ఇయ్యాల నొప్పెట్టలేదే అమ్మా!"

"చూశావా, నయమైపోతంది!"

మనుషుల జాలి ఇలాగే ఉంటుంది. నాకా నోరు లేదు. లోపల సందు మూసుకుపోతూ ఉంది.

మూడు వారాలకి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూశాడు. "తిప్పావా?"

"తిప్పానండి."

"మరి సందేదమ్మా? అతుక్కుపోయింది. మళ్ళీ విరగ్గొట్టాలి."

ఆమె గోడకేసి తల బాదుకుంది. "నా కాలు విరగ్గొట్టండి బాబూ, దాన్నొదిలెయ్యండి!"

మళ్ళీ ఉలి. మళ్ళీ సుత్తి. నెత్తురు నా రింగుల మీదుగా కారింది.

ఈసారి నూకరత్నం ఎడమచెయ్యి పిల్ల నోటికిచ్చింది. "కొరుకు. ఎంత నొప్పో అంత కొరుకు."

లోవ నెత్తురొచ్చేలా కొరికింది. "నువ్వు మా అమ్మవి కాదు, రాక్షసివి!"

"అవునే, రాక్షసినే," అంటూ కుడిచేత్తో తిప్పింది. ఇలా నలభై రోజులు.

కొత్త ఎముక గట్టిపడేసరికి నెలలు పట్టింది. నన్ను ఊడదీసి, రింగు వంగిందని తుక్కు బకెట్లో పడేశారు. నా తర్వాత కాలికి వేసిన పిండికట్టు విప్పించుకోవడానికి లోవ వచ్చింది. డాక్టరు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి కొలిచాడు. సమానం.

లోవ గోడ పట్టుకుని నాలుగడుగులేసింది. బకెట్లో నన్ను గుర్తుపట్టింది. బాగుపడిన ఆ కాలితోనే బకెట్టుని ఒక్క తన్ను తన్నింది. గచ్చు మీద గడగడా దొర్లాను.

డాక్టరు నోరు తెరిచేలోపే నూకరత్నం కేకేసింది.

"ఆ కాలితో కాదే! రెండో కాలితో తన్ను!"