గోలు వెనక పొద్దుతిరుగుడు పూలు

ఆదివారం పొద్దున మోమిర్‌కి చిక్కుడుగింజల సూపు వడ్డించేదీ, మధ్యాహ్నం గోలు వెనక కూర్చుని అతని మీద ఉమ్మేదీ ఒక్కావిడే. పేరు జగోర్క. అతను అద్దెకుండే గది ఆవిడదే.

నిరుడు ఆఖరి మ్యాచ్‌లో గోల్‌కీపర్ మోమిర్ కాళ్ల సందులోంచి బంతి దూరింది. దాంతో తీసా నది ఒడ్డున ఉన్న ఆ ఊరి జట్టు మ్లీనార్ రెండో లీగ్ నుంచి మూడో లీగ్‌కి పడిపోయింది. అప్పట్నుంచి ఊరు ఊరంతా అతని వెనకే చేరి, ఉప్పు వేసిన పొద్దుతిరుగుడు గింజలు కొరికి, పొట్టు అతని వీపుకేసి ఉమ్మడం మొదలుపెట్టింది. సగం ఆటకి అతను అటు గోలుకి మారితే వీళ్లూ పొట్లాలు పట్టుకుని అటే నడిచేవాళ్లు. ఎంత ఓపికో పాడు మనుషులకి!

ఆ పొట్టు మొలిచింది. మంచు కురిసే రోజుల్లో కూడా పొద్దుతిరుగుడు పూలు నిలువెత్తున లేచాయి. మైదానం చూసుకునే ముసలాయన కొడవలితో కోస్తే మర్నాటికి మళ్లీ నిలబడేవి. వల మీదికి వాలినవాటిని కట్టేయమనేవాళ్లు రిఫరీలు, అంతే. ఆ పూలు సూర్యుణ్ణి పట్టించుకోలేదు. మోమిర్ ఎటు కదిలితే అటు, చాలాసార్లు అతనికంటే ముందే, తలలు తిప్పేవి.

"పూలకి కూడా వీడి మీద నమ్మకం లేదు. కాపలా కాస్తున్నాయి," అనేది జగోర్క.

జట్టు గెలుస్తూ వచ్చింది. గెలిచినా ఉమ్మారు. కోచ్ త్రిఫున్ మొహం మీదే చెప్పాడు: "పైకెక్కితే ఉంటావ్. లేదంటే ఏ జట్టూ నిన్ను గుమ్మం తొక్కనివ్వకుండా చేస్తా."

ఆఖరి మ్యాచ్. గెలిస్తేనే రెండో లీగ్. ఒక్క గోలు ఆధిక్యంలో ఉండగా, చివరి నిమిషంలో అవతలి జట్టుకి పెనాల్టీ దొరికింది.

"కాళ్లు దగ్గర పెట్టుకోరా, సిగ్గులేనోడా!" అని అరిచింది జగోర్క.

మోమిర్ కోపంగా వెనక్కి తిరిగాడు. పూలన్నీ నది వైపు మూలకి చూస్తున్నాయి. తనింకా అక్కడ లేడు. బంతి అటే వస్తుందని అర్థమైంది. వదిలేద్దామా అనిపించింది, వీళ్లంతా మూడో లీగ్‌లోనే కుళ్లిపోనీ అని. కానీ మళ్లీ బంతి వదిలేసినవాడిగా మిగిలిపోవడం అతనికి చచ్చినా ఇష్టం లేదు. నది వైపు దూకాడు. బంతి చేతుల్లో పడింది.

జనం మైదానంలోకి ఉరికి అతన్ని భుజాలకెత్తుకున్నారు.

"నా చేతి సూపు తాగిన బిడ్డ!" అని జగోర్క ఏడ్చింది.

"వచ్చే ఏడూ నువ్వేరా మా గోలుకి," అన్నాడు త్రిఫున్. "ఎంత కావాలో అడుగు."

మోమిర్ పూల వైపు చూశాడు. ఒక్కటీ అతని వైపు లేదు. అన్నీ గేటు వైపే తిరిగి ఉన్నాయి.

దింపమన్నాడు. గ్లవ్స్ తీసి త్రిఫున్ చేతిలో పెట్టాడు.

"ఎక్కడికి నాయనా? రాత్రికి గొర్రెపిల్లని కాలుస్తున్నాం," అంది జగోర్క, అతని భుజం మీద పొట్టు దులుపుతూ.

వెళ్లొస్తానని కూడా అనలేదు. "వెళ్తున్నా," అన్నాడు.