గాజుకు అవతల ఊపిరి

సినిమాల్లోని శబ్దాలకు ఇంగ్లీషులో పేర్లు పెట్టడం ఆమె పని. చెవులు వినపడనివాళ్ల కోసం తెర అడుగున అక్షరాలు వేస్తారే, అవి. ముక్కు ఎగబీలిస్తే స్నిఫ్, నిట్టూరిస్తే సై, పరిగెత్తి రొప్పితే పాంట్, ఉలిక్కిపడి గాలి లోపలికి లాగితే గ్యాస్ప్.

"నిట్టూర్పుకు సై ఏంటే! సై అంటే సై అనేవాడు నిట్టూరుస్తాడా?" అని నవ్వేవాడు బాబాయి.

బాబాయి డబ్బింగ్ చెప్పేవాడు. చావు సీన్లకు పెట్టింది పేరు. భోజనాల దగ్గర కూడా ఉన్నట్టుండి గుండె పట్టుకుని వాలిపోయి, పిన్ని లబోదిబోమంటే ఒక కన్ను తెరిచి చూసే రకం.

ఆ మధ్యాహ్నం స్టూడియోలో గాజుకు అవతల బాబాయి, ఇవతల సౌండ్ ఇంజనీరు, పక్కనే లాప్‌టాప్‌తో ఆమె. తెర మీద ఒక ముసలివాడు కొండ ఎక్కుతున్నాడు. బాబాయి బుగ్గన గొంతు గరగరకు చప్పరించే బిళ్ల పెట్టుకుని రొప్పడం మొదలుపెట్టాడు. ఆమె పాంట్ అని కొట్టింది. కాసేపటికి గ్యాస్ప్. ఆ తర్వాత హెడ్‌ఫోన్లో సన్నగా పిల్లికూతలు. వీజ్ అని కొట్టింది.

"ఇరగదీస్తున్నాడు మీ బాబాయి," అన్నాడు ఇంజనీరు.

కూతలు ఆగిపోయాయి. ఆమె తలెత్తి చూసింది. తెర మీద ముసలివాడు ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. బాబాయి నోరు తెరిచే ఉంది, చేతులు గొంతు మీద ఉన్నాయి. హెడ్‌ఫోన్లో మాత్రం చడీచప్పుడూ లేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"అది నటన కాదు!" అని అరుస్తూ ఆమె తలుపు వైపు దూకింది.

ఇంజనీరు ఆమెను దాటి పరిగెత్తి, బాబాయిని వెనకనుంచి వాటేసుకుని, బొడ్డు పైన పిడికిలి ఆనించి గట్టిగా లోపలికి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. బిళ్ల ఊడి మైకుకు తగిలి కింద పడింది. బాబాయి ఒళ్లంతా కదిలిపోయేలా గాలి లాక్కున్నాడు. తర్వాత నేల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీ పిన్నికి చెప్పకే," అన్నాడు.

ఇంతలో దర్శకుడి ఫోన్. ఇంజనీరు ఇవతలికొచ్చి స్పీకర్లో పెట్టాడు. ఆయన తన ఆఫీసులో కూర్చుని ఇదంతా లైన్లో వింటూనే ఉన్నాడట.

"బాగానే ఉన్నాడుగా? సరే. ఆ టేకు అద్భుతం. అదే ఉంచేద్దాం."

ఇంజనీరు ఆమె మొహం చూశాడు, నేల మీద ఉన్న బాబాయిని చూశాడు, మౌస్ అందుకున్నాడు.

"అది లేదు సార్," అన్నాడు.

"లేకపోవడమేంటి?"

"ఇప్పుడే తీసేశాను."

బాబాయిని ఆమే కారులో ఇంటికి తీసుకెళ్లింది. దారంతా ఆమె పక్క సీట్లో ఆయన ఊపిరి వింటూనే ఉంది.