ఉడికినాక

చంద్రకాంతమ్మ సంచిలో రెండు నూలుచీరలు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కళ్ళజోడు ఉందో లేదోనని మాటిమాటికీ తడిమి చూసుకుంది. అన్నిటికన్నా అడుగున, మనవరాలు పవిత్ర చదివి పారేసిన సైన్సు పుస్తకం. ఎవరు గడప దాటి ఊరికి పోతున్నా దిగులుపడే మనిషి ఆమె. ఈ పొద్దు దాటబోయేది తానే. భయం లేదని కాదు గానీ, దాని పక్కనే తిరనాళ్ళకు బయలుదేరిన చిన్నపిల్ల సంబరం ఒకటి గంతులేస్తోంది.

పొట్లాల కాగితాలు, బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. పుస్తకంలో 'పదార్థం' అనే పాఠం కనబడితే వంటల గురించేమోనని తెరిచింది. తీరా చూస్తే ఘనం, ద్రవం, వాయువు. నవ్వొచ్చింది గానీ వదల్లేదు. కొన్ని మారినా మళ్ళీ మొదటికి వస్తాయట, అవి భౌతిక మార్పులు. కొన్నిట్లో వస్తువే వేరేదైపోతుందట, అవి రసాయన మార్పులు. అప్పటినుంచీ వంటింట్లో ఏది చూసినా ఇదే మార్పు అని ఒకటే ఆత్రం.

పూతలపట్టు కూడలిలో భర్త దామోదరం హోటలు. పెళ్ళయినప్పటి నుంచీ ఇడ్లీలు ఆమెవి, బోర్డు మీద పేరు ఆయనది. మొన్న తనకూ ఒక జీతం కావాలని అడిగితే, తినేవాళ్ళంతా వినేలాగా, "నీదేముండాది మే? రుబ్బేది మిషను, ఉడికించేది గ్యాసు" అన్నాడు. ఇట్లా అన్నప్పుడల్లా అలిగి చంద్రగిరిలో చెల్లెలింటికి పోయేది. ఎడబాటంటే బెదురు కాబట్టి చీకటి పడకముందే తిరుగుబస్సు ఎక్కేది. ఈసారి పోతున్నది తిరుపతికి. ఆడపిల్లల హాస్టల్లో వంటపని, జీతం, ఉండటానికొక గది.

దామోదరం సంచి చూసి కూడా గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవలేదు. పొయ్యి మీది ఇడ్లీపాత్ర దించి పొమ్మన్నాడు.

"యాడికి పోతావులే. ఆవిరి మాదిరి లేస్తావు, మూతకు తగిలి మళ్ళీ ఆడనే పడతావు."

ఆమె మూత తీసింది. నిజమే. మూతకు పట్టిన ఆవిరి బొట్లు బొట్లుగా కింది నీళ్ళలోకే జారుతోంది. 'ఇన్నేళ్ళూ ఇది నేనే' అనుకుంది. అంతలో కన్ను ఇడ్లీల మీద పడింది. అదే పాత్ర, అదే సెగ. పుస్తకంలోని రెండో రకం మార్పు గుర్తొచ్చింది.

ఒక ఇడ్లీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"దీన్ని మళ్ళీ పిండి చెయ్యి అయ్యా, సూస్తా."

"పిచ్చా నీకు? ఉడికినాక పిండి ఎట్లయితాది?"

"నేనూ అదే చెప్తాండా," అంటూ సంచి భుజానికి తగిలించుకుంది. బస్సు కదిలాక కిటికీ పక్కన కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నిరుడు జూన్‌లో, బడులు తెరిచిన సోమవారం బస్సెక్కిన చంద్రకాంతమ్మ మళ్ళీ పూతలపట్టుకు రాలేదు.