ఒదీల్ మూడో క్యాసెట్

ఇరాకీ సైన్యం దిగిన కువైట్‌లో, ఖైతాన్ పేటలో బస్సు నిండిపోయింది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు. ఇది తప్పితే ఇంకోటి వస్తుందో రాదో చెప్పే నాథుడు లేడు. నాగరాజు మాత్రం తాను పనిచేసే క్యాసెట్ల అంగడివైపు పరుగెత్తాడు.

"పిచ్చి పట్టిందా అన్నా నీకు? పాటల కోసరం పానాలు పోగొట్టుకుంటావా?" వెనకే పరుగెత్తుతూ తిట్టాడు పెంచల్. ఇద్దరిదీ రాజంపేట పక్క ఒకే ఊరు.

"పాటలు కాదురా. సుధారాణి."

పెంచల్ ఇంకా జోరుగా పరుగెత్తాడు.

సుధారాణి నాగరాజు భార్య. మార్చిలో జ్వరమొచ్చి పోయింది. చదువు రాదు, ఉత్తరాలకు బదులు మాటలు క్యాసెట్లో పట్టి పంపేది. ఆఖరిసారి పట్టింది ఒదీల్ మూడో క్యాసెట్ మీద.

ఒదీల్ ఫ్రెంచి గాయని. తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని పాడుతుంది. ఆమె మొదటి క్యాసెట్‌కు ఈజిప్టు డ్రైవర్లు స్టీరింగు మీద దరువేశారు. రెండోదానికి కువైటీ కుర్రాళ్లు కార్లు రోడ్డుకడ్డంగా వదిలేసి అంగడి మీద పడ్డారు. మూడోదాంట్లో ఆమె దరువు మానేసి పియానో ముందు కూర్చుంది. అన్నీ ఏడుపు పాటలే. ఈగ కూడా వాలలేదు. మిగిలిపోయినవాటిలో ఒకటి నాగరాజు ఇంటికి పంపితే, సుధారాణి రెండో వైపు పాటలు చెరిపి తన మాటలు నింపి తిరిగి పంపింది.

ఆమె పోయాక ఇంకో కాపీ తీద్దామంటే, తనతో గదిలో ఉండే బాలసుబ్బయ్య మామ అడ్డుపడ్డాడు. "పోయినోళ్ల గొంతు రెండు చెయ్యగూడదురా. యాడుండాల్నో తెలీక తిరుగుతాంటాది." గదిలో దొంగల భయం. అందుకే దాన్ని అంగడి అరలోనే దాచాడు. ఒదీల్ మూడో క్యాసెట్‌ను ముట్టేదెవరు?

ముట్టినవాడు కౌంటర్ వెనక కూర్చుని ఉన్నాడు. ఇరాకీ ఆఫీసరు. సిపాయిలు టేప్‌రికార్డర్లు లారీకెక్కిస్తున్నారు.

"ఫ్రాన్సులో శిక్షణకు వెళ్లినప్పుడు ఈ క్యాసెట్ విన్నాను. బాగ్దాద్‌లో ఎక్కడా దొరకలేదు," అన్నాడు అరబ్బీలో. "మరి రెండో వైపు ఇదేమిటి?" మీట నొక్కాడు.

"ఏమయ్యో, ఇంటాండావా? ఇంటాంటే ఊ కొట్టు." కాస్త నిశ్శబ్దం. "నల్లావు ఈనింది. పెయ్యదూడ. ఊ కొట్టవేం?" మళ్లీ నిశ్శబ్దం.

"ఎవరి జవాబు కోసం ఆగుతోంది? ఏం రహస్య భాష ఇది?" ఓ సిపాయి తుపాకీ పెంచల్ గుండెకు ఆనింది.

"నా భార్య, సర్. నా జవాబు కోసమే. చనిపోయింది. అంగడంతా తీసుకోండి, ఇదొక్కటి ఇచ్చేయండి."

ఆఫీసరు టేపు ఆపాడు. "నాతో ఫ్రాన్సు వచ్చిన నా తమ్ముడు ఇరాన్ యుద్ధంలో పోయాడు. వాడి గొంతు కూడా మిగల్లేదు."

నాగరాజుకు ప్రాణం లేచొచ్చింది.

"వాడికి ఇందులో ఆఖరి పాటంటే ఇష్టం. అదుగో, ఒదీల్ గ్రామఫోన్ రికార్డు ఉంది. దీని రెండో వైపు మళ్లీ ఎక్కించు."

"వేరే క్యాసెట్ మీద ఎక్కిస్తాను సర్, ఇంతకంటే బాగా..."

"నాకు అసలుదే కావాలి. యల్లా, తొందరగా!"

సిపాయి తుపాకీ గుర్రం మీద వేలు బిగించాడు. పెంచల్ కళ్లు మూసుకున్నాడు. నాగరాజు రికార్డు మీద ముల్లు పెట్టి, టేపు మొదటికి తిప్పి, తన వేలితోనే ఎర్ర రికార్డింగు మీట నొక్కాడు.

ఒదీల్ పాడసాగింది. బయట బస్సు హారన్ మోగి, మోగి, దూరమైంది.

"అన్నా, ఖలాస్, అంతా అయిపోయింది. పోదాం రా," గొణిగాడు పెంచల్.

సుధారాణి ఎక్కడ ఆగేదో నాగరాజుకు కంఠతా వచ్చు. సరిగ్గా అక్కడ, తిరుగుతున్న టేపు వైపు చూస్తూ, "ఊ" అన్నాడు.