నిచ్చెన కింద

ఆమె మొగుడు పోయిన రోజు ఎండ బాగా కాసింది. ఊరు కట్టించిన గవర్నరు దొర కంచు విగ్రహాన్ని జయంతి కోసం కడుగుతూ, నిచ్చెన మీంచి పడిపోయాడు.

విగ్రహాలు కడిగేవాళ్లకు ఒక అలవాటుంది. పైనున్నవాడు మాటిమాటికీ "ఉన్నావా?" అంటాడు. నిచ్చెన పట్టుకున్నవాళ్లు "ఉన్నా" అనాలి. ఆ రోజు పట్టుకున్నది ఆమే. కంట్రాక్టరు వచ్చాడు.

"నిచ్చెనేమన్నా పారిపోతుందా? పోయి వేదిక మీద కుర్చీలు తుడువు."

"ఆయన దిగాక పోతానండి."

"అయితే రేపట్నుంచి ఇద్దరూ రావద్దు."

వెళ్లింది. వెనకనుంచి పిలుపు వినపడింది. పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

తాగి పడ్డాడని పోలీసులకు చెప్పాడు కంట్రాక్టరు.

ఆ తర్వాత ఇంట్లో, పొయ్యి ముందు కూర్చుని, ఆమె ఉన్నట్టుండి "ఉన్నా" అనేది. అడిగినవాళ్లెవరూ లేరు.

చీపుర్ల షెడ్డులో పనివాళ్లంతా చేరారు. "పనిలో చచ్చాడని ఒప్పుకునేదాకా దొరకి స్నానం లేదు" అన్నాడు ముసలి బాబాయ్.

"మరి మన పొట్టల సంగతో?" అన్నారెవరో.

"పొట్ట చూసుకునేగా వదిన ఆ రోజు నిచ్చెన వదిలింది" అన్నాడు ఇంకో కుర్రాడు.



"నిజమే," అంది ఆమె. "ఇక ఎవరు పిలిచినా వదలొద్దు."

పని ఆగింది. జయంతి ముందురోజు కంట్రాక్టరు పొరుగూరి మనిషిని తెచ్చి నిచ్చెన ఎక్కించాడు. పనివాళ్లు ఎదురుగా నిలబడి అరిచారు. వాళ్లను తరమడానికి కంట్రాక్టరు నిచ్చెన పట్టుకున్న మనుషుల్ని కూడా పిలిచేశాడు.

పైనుంచి గొంతు వినపడింది. "అన్నా, ఉన్నావా?"

ఎవరూ పలకలేదు. నిచ్చెన ఒరిగింది.

"పడనీ, మన నోటి దగ్గర కూడు లాక్కోడానికొచ్చాడు" అన్నాడొకడు.

అప్పటికే ఆమె తోపులాటను చీల్చుకుని వెళ్లి నిచ్చెనను రెండు చేతులా వాటేసుకుంది.

"ఉన్నా. మెల్లగా దిగు నాయనా."

ఆమె వెనకనుంచి నిచ్చెన మీద బాబాయ్ చేతులు పడ్డాయి. ఆ వెనక, "పడనీ" అన్నవాడి చేతులు. "ఉన్నాం" అన్నారందరూ.

అతను దిగాడు. తన నిచ్చెన మీదున్న చేతులన్నీ చూశాడు. బ్రష్షు కంట్రాక్టరు ముందు పడేశాడు.

"నువ్వే ఎక్కు. నేను వీళ్లతో కింద ఉంటా."

సాయంత్రానికి అందరినీ పోలీసు వ్యానులోకి ఎక్కించారు. ఇరుకులో ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. ఆమె పక్కన మాత్రం, ఎవరూ చెప్పకుండానే, ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు.

మర్నాడు సభ జరిగింది. దొర ముఖం సగమే కడిగి ఉంది. ఆమె మొగుడు పనిలో చనిపోయాడని కంట్రాక్టరు ఇంకా ఒప్పుకోలేదు.