ఆగకూడని చోట

అత్తమ్మ పోయిన రోజే ఆమె కొయ్య గరిటె కూడా పోయింది. తెల్లవారుజామున నమాజు చదువుకుని, నమాజు చాప జానిమాజు మడిచి పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఇల్లు ఇంటివాళ్ళ చేతుల్లో లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి వంటిల్లు తమ చేతుల్లోకి తీసుకున్నారు. వాళ్ళ గిన్నెలు ఇక్కడికి వచ్చాయి, ఇక్కడి గిన్నెలు ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళాయి. వారం తిరిగేసరికి అన్నీ ఎవరివి వాళ్ళకు చేరాయి, ఆ గరిటె తప్ప. కోడలు వీధిలో నాలుగిళ్ళు తిరిగి అడిగింది. "కొయ్య గరిటె ఎంత భాగ్యం టీచరమ్మా, ఏ చెత్తలోనో కలిసిపోయుంటుంది. ఇంకోటి కొనుక్కోండి" అన్నారు. సరేనని తలూపి వచ్చేసింది. ఆ గరిటె ఒక కొస గిన్నెలో తిరిగేది, రెండో కొస అక్షరాల మీద తిరిగేది.

వీధిలో అందరూ కోడలిని టీచరమ్మ అంటారు. బళ్ళో పిల్లలకు భాష చెబుతుంది కాబట్టి. అత్తమ్మను మాత్రం ఎవరూ ఆ మాటతో పిలవలేదు. ఆ వీధిలో అరబీ అక్షరాలు వచ్చిన ప్రతి మనిషికీ అవి నేర్పింది ఆవిడే. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు పిల్లలు చేతులూ ముఖాలూ కడుక్కుని వచ్చి వంటింటి గడప అవతల చాప మీద కూర్చునేవాళ్ళు. పుస్తకం పెట్టే కొయ్య రెహల్ మీద అక్షరాలు నేర్పే ఖాయిదా తెరిచి ఉండేది. అత్తమ్మ గడప ఇవతల పీట మీద, ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క పిల్లలు. పిల్లాడు తడబడితే గరిటె కాడను కొంగుతో శుభ్రంగా తుడిచి, ఆ కొసతో అక్షరం చూపించేది. కాడ కొస నున్నగా అరిగి ఉండేది. గిన్నె వైపు ఎంత మాడిందో ఆ వైపు అంత తేటగా ఉండేది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో టీచరమ్మ అది చూసి నవ్వితే, "నీ బళ్ళో నీకు చాక్‌పీసు ఇస్తారు. నాకు ఇదిచ్చారు" అంది అత్తమ్మ, తను నవ్వకుండా.

మామయ్య బతికుండగా ఆ దారిన వెళుతూ, "చదువు చెబుతున్నావా, కూర చెబుతున్నావా?" అనేవాడు. పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. టీచరమ్మ భర్త అంత కూడా అనేవాడు కాదు. కొడుకు కదా, తల్లి మీద గౌరవం ఎక్కువ. చుట్టాలెవరైనా పిల్లల్ని ఎక్కడికి పంపుతున్నారని అడిగితే, "ఎక్కడికీ పంపం. అమ్మ ఖాళీగానే ఉంటుంది కదా, చూసుకుంటుంది" అనేవాడు. ఆ ఖాళీ అనే మాట టీచరమ్మకు అప్పట్లో అంతగా తగల్లేదు. బడి నుంచి వచ్చి, దిద్దాల్సిన పేపర్ల కట్ట ముందేసుకుని, వంటింట్లోంచి వచ్చే పిల్లల గొంతులు, గరిటె చప్పుడు, మధ్యలో "ఏయ్, నోరు గుండ్రంగా తిప్పు" అనే అదిలింపు వింటూ కూర్చోవడం ఆమెకు హాయిగా ఉండేది. ఆ హాయి ఎవరో ఒకరు పని చేస్తూండగా వచ్చే హాయి అని తర్వాత తెలిసింది.

ఆ చదువులో ఒక తప్పు ఉండేది. ఖురాన్‌లో రోజూ పడుకునే ముందు చదువుకునే ఒక పొడుగాటి వాక్యం, ఆయతు, ఉంది. అందులో ఆకాశాల మాట వస్తుంది, వెంటనే భూమి మాట వస్తుంది. రెండూ ఒకే ఊపిరిలో చదవాలి. అత్తమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆకాశాల దగ్గర ఆగిపోతారు. ఆగి, ఒక గుక్క ఊపిరి తీసుకుని, అప్పుడు భూమి మీదికి దిగుతారు. పుట్టింట్లో సరిగ్గా నేర్చుకున్న టీచరమ్మ వచ్చిన కొత్తలోనే ఇది గమనించింది. ఒకరోజు పిల్లలు వెళ్ళాక భయపడుతూనే చెప్పింది. అత్తమ్మ పొయ్యి మీది గిన్నె దింపి, తీరిగ్గా ఆమె వైపు తిరిగింది.

"అక్కడ ఆగకూడదని నాకు తెలీదనుకున్నావా? మా అమ్మ నాకు ఆగకుండానే నేర్పింది."

"మరి?"

"సరిగ్గా ఆ వేళకి పాలు పొంగుతాయే పిల్లా. ఆకాశాలు అయ్యేసరికి గిన్నె అంచుకి వచ్చేస్తాయి. తిప్పి, మంట తగ్గించి, అప్పుడు భూమి చెబుతాను. పిల్లలు ఆ తిప్పడం కూడా చదువే అనుకున్నారు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒక్కరోజు ఎవరైనా ఈ గరిటె పట్టుకుంటే, నేను అవతల గదిలో కూర్చుని, ఆగకుండా చెబుతాను."

అని నవ్వింది. నవ్వింది కాబట్టి అది కోరిక అని ఎవరికీ అనిపించలేదు.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం ముందు గదిలో మగవాళ్ళు కూర్చుని చదివారు. భర్త, మరిది, మూలమీద సైకిళ్ళు బాగుచేసే ఆయన, కరెంటు పని చేసే అన్నదమ్ములు, అందరూ ఒకప్పుడు ఆ చాప మీద కూర్చున్నవాళ్ళే. ఆ ఆయతు వచ్చింది. ఆకాశాల దగ్గర గది గదంతా ఒక్కసారిగా ఆగింది. గుక్క ఊపిరి. మళ్ళీ అందరూ కలిసి భూమికి దిగారు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న టీచరమ్మ పక్కకు చూసింది. పక్కింటి టైలరమ్మ ఆమెనే చూస్తోంది. ఆవిడ కూడా చిన్నప్పుడు ఆ చాప మీద కూర్చున్నదే. కుడి చేత్తో గాలిలో గరిటె తిప్పినట్టు ఒకసారి తిప్పింది. అప్పటిదాకా రాని ఏడుపు ఇద్దరికీ అప్పుడు వచ్చింది.

అటు పరామర్శకు వచ్చిన పెద్దాయన ఒకరు భర్త భుజం మీద చెయ్యి వేసి, "ఎంత చక్కగా చదువుతున్నారయ్యా అందరూ. మీ నాన్నగారి పెంపకం అది" అన్నాడు. భర్త తల వంచుకుని, "అవునండీ, అంతా నాన్న నేర్పించిందే" అన్నాడు.

సెలవు అయిపోయి బడికి వెళితే హెడ్‌మాస్టరు కుర్చీ చూపించి మర్యాదగానే అడిగాడు. "మీ అత్తగారు ఏం చేసేవారమ్మా?"

"పిల్లలకు చదువు చెప్పేవారండీ."

"అలాగా, ఏ స్కూల్లో?"

"ఇంట్లోనేనండీ."

"ఓ, ఇంట్లోనే ఉండేవారన్నమాట" అని ఆయన మళ్ళీ కాగితాల్లో తల దూర్చాడు. ఆమె తరగతికి వెళ్ళి, బోర్డు మీద పాఠం పేరు రాసి, దానికింద గీత గీస్తూ, ఆ గీతను ఉండాల్సిన దానికంటే పొడుగ్గా గీసుకుంటూ పోయింది.

తర్వాత పిల్లకు చదువు ఎలాగన్న మాట వచ్చింది. టీచరమ్మ కూతురిని వాళ్ళ దాదీ, ఆ నానమ్మే, పిట్ట అని పిలిచేది, ఎప్పుడూ నోరు మూతపడదని. పిట్ట ఖాయిదా ముగించి, ఖురాన్‌లోని చిన్న చిన్న సూరాలు పట్టుకుని, ఆ పొడుగాటి ఆయతు దాకా వచ్చింది. భర్త ఖురాన్ నేర్పే ఒక ఉస్తాద్‌ను మాట్లాడాడు. మెత్తని మనిషి, పిల్లలతో కూడా మీరు అని మాట్లాడతాడు. మొదటి రోజు ముందు గదిలో బల్ల తుడిచి, ఫ్యాను వేసి, ఆయన కోసం కుర్చీ వేశారు. ఆయన వస్తే ఇంట్లో టీవీ ఆపారు, గొంతులు తగ్గించారు, టీ కప్పు పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. వంటింటి తలుపు మూశారు, తాలింపు ఘాటు రాకుండా. ఇవన్నీ ఒక్కొక్కటే చేస్తూ టీచరమ్మ అనుకుంది, చదువుకి ఇన్ని కావాలని ఈ ఇంటికి ఇన్నాళ్ళూ తెలుసన్నమాట.

పిట్ట చదివింది. ఆకాశాల దగ్గర ఆగింది.

"ఇక్కడ ఆగకూడదమ్మా. ఎవరు నేర్పారు మీకు?" అని అడిగాడు ఉస్తాద్.

"దాదీ."

భర్త నవ్వేశాడు. "వంటింటి చదువు ఉస్తాద్‌జీ. పాపం అమ్మకి తెలిసినంతలో చెప్పింది. తప్పులుంటాయి, మీరే సరిచేయాలి."

పిట్ట పుస్తకం మీద నుంచి తల ఎత్తలేదు. ఉస్తాద్ ఎంత బుజ్జగించినా మళ్ళీ నోరు తెరవలేదు. ఆయన వెళుతూ చెప్పాడు: "పర్వాలేదు, నెమ్మదిగా వస్తుంది. నేను వారానికోసారి వచ్చి వింటాను. రోజూ కూర్చోబెట్టి వల్లె వేయించడం మాత్రం ఇంట్లోనే ఎవరో ఒకరు చూడాలి."

"దానికేముంది, మా ఆవిడ ఉంది కదా. బడి నుంచి వచ్చాక ఖాళీయే" అన్నాడు భర్త.

అదే మాట. అత్తమ్మ చీరల్లాగే, అత్తమ్మ తాళంచెవుల్లాగే, ఆ మాట కూడా మడత నలగకుండా తన దగ్గరికి వచ్చింది. కప్పులు కడుగుతూ ఆలోచించింది. ఉస్తాద్ చెప్పింది నిజమే. అక్కడ ఆగకూడదు. తను కూడా పంతులమ్మే, ప్రేమ కొద్దీ తప్పును ఒప్పు అనలేదు, పిల్లకి అలా చెప్పనూ లేదు. కానీ తప్పు దిద్దేటప్పుడు ఎర్ర సిరా ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి కదా. దాదీకి తెలియక చెప్పిందన్న మాట పిట్ట మనసులో ఉండిపోతే, రేపు ఆ పిల్ల ఆయతు సరిగ్గా చదువుతుంది, నేర్పిన మనిషిని మాత్రం తప్పుగా చదువుకుంటుంది.

పిట్ట వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. "అమ్మీ, దాదీకి రాదా?"

"వచ్చు."

"మరి అబ్బా అలా అన్నారే?"

"అబ్బాకి ఒక సంగతి తెలీదు" అంది టీచరమ్మ. చెప్పాలని అప్పుడే అనుకుంది. ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. అత్తమ్మ పోయిన దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్న ఇంట్లో గొంతు పెంచడం ఆమెకు చేతకాదు.

ఆ సాయంత్రం వర్షం వల్ల భర్త మసీదుకు వెళ్ళలేదు. ఇంట్లోనే ముగ్గురూ కలిసి నమాజుకు జమాతుగా నిలబడ్డారు. అతను ముందు, తల్లీ కూతుళ్ళు వెనక. అతని గొంతు బావుంటుంది. ఆ రోజు, తల్లిని తలుచుకునో ఏమో, ఆ పొడుగాటి ఆయతే ఎత్తుకున్నాడు. చదువుతూ చదువుతూ ఆకాశాల దగ్గర ఆగాడు. గుక్క ఊపిరి తీసుకున్నాడు. పక్కన పిట్ట ఒక్కసారి కదిలింది, మళ్ళీ సర్దుకుంది. సలాం తిప్పి నమాజు ముగించడమే ఆలస్యం, "అబ్బా, మీరూ ఆగారు" అంది.

"ఎక్కడ?"

"నేను ఆగిన చోటే."

"నేనా? నేనెందుకు ఆగుతాను?" అని, చూపించడానికి మళ్ళీ చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. ఈసారి తనకే వినబడింది. ఇంకోసారి ప్రయత్నిస్తే, ఆగకుండా ఉండడానికి చేసిన తొందరలో మాట తప్పిపోయింది.

"మీకెవరు నేర్పారు అబ్బా?"

"నాన్న" అన్నాడు అలవాటుగా.

టీచరమ్మ జానిమాజు మడుస్తూ, తల ఎత్తకుండా, మామూలు గొంతుతో అంది. "మామయ్య ఎప్పుడూ పాలు పొంగకుండా చూసుకోలేదు కదండీ."

అతనికి అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పాల సంగతి, గరిటె సంగతి, అంతా చెప్పింది, అత్తమ్మ అన్న మాటలు అత్తమ్మ అన్నట్టుగానే. అతను వింటూ వంటింటి గడప వైపు చూశాడు. పిట్ట కూడా చూసింది. "అయితే దాదీకి వచ్చు" అంది, లెక్క తేలినట్టు.

"అమ్మ ఎప్పుడూ నాతో అనలేదే" అన్నాడతను చివరికి.

"నవ్వుతూ అందండీ. అందుకే ఎవరికీ వినబడలేదు."

మర్నాడు బడి నుంచి వచ్చి టీచరమ్మ చాప తీసుకెళ్ళి ముందు గదిలో పరిచింది. రెహల్ తెచ్చి పెట్టింది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించి, దుకాణం నుంచి అప్పుడే వచ్చిన భర్త చేతికి స్టీలు గరిటె ఇచ్చింది.

"పిట్టకు రోజూ వల్లె వేయిస్తాను. మీరు ఇక్కడుండాలి."

"రోజూనా? దుకాణం ఎవరు చూస్తారు?"

"అది మీరే చూసుకోవాలండీ."

అతను గరిటె వైపూ ఆమె వైపూ చూశాడు. "ఎంతసేపు తిప్పాలి?"

"పాఠం అయ్యేదాకా."

కాసేపు తిప్పి, "కాడ కాలుతోందే" అన్నాడు.

"కొంగు లేదు కదా మీకు. తువ్వాలు పట్టుకోండి."

ఆమె వెళ్ళి కూతురి ఎదురుగా కూర్చుంది. చూపించడానికి చేతిలో ఏమీ లేదు, వేలు పెట్టి చూపించింది. పిట్ట గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఆకాశాలు వచ్చాయి. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పిట్ట ఆగలేదు, అదే ఊపిరిలో భూమి దాకా వెళ్ళింది. వెళ్ళి, అమ్మ ముఖంలోకి చూసి, ఇంకా ముందుకు చదువుకుంటూ పోయింది. అవతల పాలు పొంగిన వాసన వచ్చింది, అతను ఏదో గొణుక్కుంటూ పొయ్యి తుడుస్తున్న చప్పుడు వచ్చింది. టీచరమ్మ లేవలేదు.

వీధిలో మిగతావాళ్ళంతా ఇప్పటికీ అక్కడ ఆగుతూనే ఉన్నారు. వాళ్ళకు నెమ్మదిగా చెప్పుకోవచ్చు. అత్తమ్మ చేతిలోంచి గరిటె అందుకుని, మీరు వెళ్ళి అవతల గదిలో కూర్చోండి అని చెప్పే పని మాత్రం ఈ ఇంట్లో ఎవరూ చేయలేదు.